పాత కంప్యూటర్‌లో కొత్త డిస్కు



కుక్కరు ఈల వెయ్యకపోతే కుక్కరు పారేస్తారా? పారెయ్యరు. ముందు గాస్కెట్టు చూస్తారు. కుట్టుమిషను సూది విరిగితే మిషను అమ్ముకుంటారా? అమ్ముకోరు. సూది మారుస్తారు. మరి కంప్యూటర్ మొరాయిస్తే? "పాతదైపోయిందమ్మా, పారేసి కొత్తది కొనుక్కోండి" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మేస్తారు. ఎందుకని? కుక్కరు లోపల ఏముందో తెలుసు. కంప్యూటర్ లోపల ఏముందో తెలియదు.

ఒక ఊరి గ్రామ సమాఖ్యలో ఆడవాళ్లు ఆ మాట నమ్మలేదు. డబ్బా విప్పి చూశారు. ఆ సంగతి వినండి.

అది పెద్ద ఊరు. 31 సంఘాలు ఉన్నాయి. 2012లో సమాఖ్య డబ్బుతో ఒక కంప్యూటర్ కొన్నారు. ఆ రోజుల్లో దాని లోపలి డిస్కు ధర బాగా పెరిగి ఉంది. ఎందుకో తెలుసా? 2011లో థాయ్‌లాండ్ దేశంలో పెద్ద వరదలు వచ్చాయి. డిస్కులు తయారుచేసే ఫ్యాక్టరీలు నీళ్లలో మునిగాయి. ఎక్కడో వరద వస్తే ఇక్కడ మన ఊళ్లో వస్తువు ధర పెరిగింది. ఉల్లిపాయల సంగతి లాగే!

కొన్నారు, వాడారు. సంఘాల లోపలి అప్పుల లెక్కలన్నీ అందులోనే రాశారు. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎప్పుడు ఎంత కట్టారు, ఇంకా ఎంత బాకీ. పుస్తకాల్లోనూ రాశారు, కంప్యూటర్‌లోనూ రాశారు. పన్నెండేళ్లు బాగానే నడిచింది.

ఆ తరవాత జబ్బు మొదలైంది. యానిమేటరు పొద్దున్నే వచ్చి మీట నొక్కేది. గది ఊడ్చేది. కుండలో నీళ్లు పోసేది. టీ తాగేది. అప్పటికీ తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఒక పేరు వెతకాలంటే ఐదు నిమిషాలు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్లగ్గు తీసి పెడితే చాలు, అందులో గడియారం తప్పిపోయేది. తేదీ ఎక్కడికో వెనక్కి పోయేది. రోజూ పొద్దున యానిమేటరు తేదీ సరిచేసుకునేది. గుర్తున్న రోజు సరిచేసేది. లేని రోజు లేదు.

2025 వానల తరవాత డబ్బా లోపలి నుంచి చప్పుడు మొదలైంది. టిక్. టిక్. టిక్. గోడ మీద బల్లి కొట్టుకున్నట్టు.

టౌనులో రిపేరు షాపతనికి ఫోన్ చేశారు. అతను వచ్చి చూశాడు. "పదమూడేళ్లయింది. ఇంకేం బాగుపడుతుంది? కొత్తది 38 వేలు అవుతుంది" అన్నాడు.

38 వేలు! సమాఖ్య సమావేశంలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దామె ఊరుకోలేదు. "గేదెకు ఒక చన్ను మొద్దుబారిందని గేదెనే కటిక వాడికి అమ్ముతామా?" అంది. అందరూ నవ్వారు.

నవ్వనిది ఒక్కతే. గేదె మాట వినగానే ఆమె తల వంచుకుంది. ఆమె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి.

ఆమె భర్త లేని మనిషి. 2016లో సంఘంలో చేరింది. 2023లో సంఘంలో అప్పు తీసుకుని గేదెను కొంది. నెలకు 1,500 వాయిదా. అన్నీ కట్టానని ఆమె అంటోంది. 2024 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, మూడు వాయిదాలు కట్టలేదని కొత్త లీడరు అంటోంది. లీడరుది కూడా తప్పు కాదు. ఆ నెలల పుస్తకం బీరువా పైన పెట్టారు. వానకు శ్లాబు కారింది. కాగితాలు అతుక్కుపోయాయి, సిరా కారిపోయింది. ఏమీ కనబడదు. ఆమె చేతి పుస్తకం ఉండాలి కదా అంటారేమో! ఆ మూడు నెలలు ఆమె పుస్తకం సంఘం దగ్గరే ఉంది. అదీ ఆ తడిలోనే పోయింది.

4,500 రూపాయలు. డబ్బు సంగతి అలా ఉంచండి. పంపు దగ్గర ఆడవాళ్లు మాటలు ఆపి ఆమె వైపు చూడడం మొదలుపెట్టారు. ఆ చూపు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా?

కట్టిందో లేదో చెప్పగలిగేది ఆ కంప్యూటర్ ఒక్కటే. అదేమో టిక్ టిక్ అంటోంది.

ఆ సమావేశానికి ఒక సభ్యురాలి కూతురు వచ్చింది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివింది. ఆ పిల్ల డబ్బా దగ్గర చెవి పెట్టి వింది. వెంటనే మీట ఆపేసింది.

"అత్తా, దీన్ని ఇంక ఆన్ చెయ్యొద్దు. మిషను చెడలేదు. డిస్కు పోతోంది. ఆన్ చేసిన కొద్దీ ఇంకా పోతుంది" అని లీడరుతో చెప్పింది.

డిస్కు అంటే ఏమిటి? ఆ పిల్ల చెప్పిన తీరు బాగుంది. అలాగే వినండి.

కంప్యూటర్‌కు రెండు రకాల జ్ఞాపకం ఉంటుంది. ఒకటి పలక లాంటిది. ఇంకోటి రాత పుస్తకం లాంటిది. మీరు పనిచేస్తున్నంత సేపు కంప్యూటర్ పలక మీద రాసుకుంటుంది, తుడుస్తుంది, మళ్లీ రాసుకుంటుంది. కరెంటు పోతే పలక మీద రాత మొత్తం చెరిగిపోతుంది. దాన్ని రాము అంటారు. దాచిపెట్టమని మీరు చెప్పినప్పుడు మాత్రం పుస్తకంలో రాస్తుంది. కరెంటు పోయినా పుస్తకంలో రాత పోదు. ఆ పుస్తకమే హార్డ్ డిస్కు.

ఆ డిస్కు చిన్న లోహపు డబ్బా. పాత సబ్బు పెట్టె కన్నా కాస్త పెద్దది. దాని లోపల అద్దంలా మెరిసే గుండ్రటి బిళ్లలు ఉంటాయి. అవి గిర్రున తిరుగుతాయి. ఎంత వేగం అనుకున్నారు? ఇలాంటి కంప్యూటర్లలో చాలా వాటికి నిమిషానికి 7,200 చుట్లు. అంటే సెకనుకు 120 చుట్లు. మీరు "ఒకటి" అనేలోపు 120 సార్లు తిరిగొస్తుంది. బిళ్ల పైన ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ కదులుతుంది. ఆ చేతి కొసన ఉన్న ముక్కే రాస్తుంది, అదే చదువుతుంది. అయస్కాంతంతో రాస్తుంది. బిళ్లకు తగలదు. గాలి మీద తేలుతుంది. బిళ్లకూ దానికీ మధ్య సందు తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ సందులో దుమ్ము రేణువు పడిందంటే అది కొండ పడ్డట్టే. అందుకే డిస్కు మూత ఎప్పుడూ విప్పకూడదు. కంప్యూటర్ డబ్బా విప్పవచ్చు. డిస్కు డబ్బా విప్పకూడదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఆ సన్నటి చెయ్యి చోటు దొరక్క అటూ ఇటూ కొట్టుకుంటే వచ్చేదే ఆ టిక్ టిక్ చప్పుడు.

ఇలాంటి డిస్కు మొదటిసారి 1956లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ సంవత్సరమే. అమెరికాలో ఐబీఎం కంపెనీ వాళ్లు చేశారు. అందులో 50 బిళ్లలు ఉండేవి. ఒక్కో బిళ్ల 2 అడుగుల వెడల్పు. మొత్తం బరువు టన్నుకు పైనే. అంత పెద్ద యంత్రంలో పట్టింది 50 లక్షల అక్షరాలు. ఈ రోజు మీ సెల్‌ఫోన్‌లో తీసే ఒకటి రెండు ఫోటోలకే ఆ చోటు చాలదు.

ఇప్పుడు ఇంకో రకం డిస్కు వచ్చింది. దాన్ని ఎస్ఎస్‌డి అంటారు. అందులో తిరిగేది ఏదీ లేదు. బిళ్ల లేదు, చెయ్యి లేదు. సెల్‌ఫోన్‌లో వేసే మెమరీ కార్డుకు ఇది అక్క లాంటిది. చప్పుడు చెయ్యదు. వెతుక్కోవడానికి చెయ్యి కదపనక్కర్లేదు కాబట్టి చాలా వేగంగా చదువుతుంది. పాత కంప్యూటర్‌కు ఇది పెడితే దానికి మళ్లీ పరుగు వస్తుంది. చాలా పాత కంప్యూటర్లు నెమ్మదించేది ఈ డిస్కు దగ్గరే.

"అయితే పద, తెచ్చి పెట్టేద్దాం" అంది లీడరు.

"ఆగండత్తా. ముందు లెక్కలు బయటికి తియ్యాలి. ఇల్లు కాలుతుంటే ముందు పిల్లల్ని తెచ్చుకుంటాం, తరవాత కదా కప్పు సంగతి" అంది ఆ పిల్ల.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. యంత్రం బాగుచేయించాలని తొందరపడి, అందులో రాసినవి పోగొట్టుకుంటారు. యంత్రం మళ్లీ కొనుక్కోవచ్చు. పన్నెండేళ్ల లెక్క ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఆ పిల్ల ఒక పెన్ డ్రైవు తెచ్చింది. అందులో లినక్సు అనే వ్యవస్థ ఉంది. ఏ కంప్యూటర్‌కైనా నడిపించే వ్యవస్థ ఒకటి ఉండాలి. ఎక్కువమంది వాడేది విండోస్. లినక్సు ఇంకో రకం. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. పెన్ డ్రైవు నుంచే కంప్యూటర్‌ను లేపింది. అలా చేస్తే రోగి లాంటి పాత డిస్కు మీద బరువు పడదు. కేవలం లెక్కలు చదివి ఇస్తే చాలు.

ఒక్కొక్క సంవత్సరం లెక్క ఇంకో పెన్ డ్రైవులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. 2012 వచ్చింది. 2013 వచ్చింది. 2018 దాకా గబగబా వచ్చాయి. ఆ తరవాత నత్తనడక. 2023 వచ్చేసరికి చీకటి పడింది. 2024 దగ్గర ఆగిపోయింది. టిక్. టిక్. టిక్.

గేదె అప్పు ఆమె గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. "ఏ ఏడాదిది రాలేదమ్మాయ్?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ పిల్ల 2024ను వదిలేసి 2025 తీసుకుంది. అది వచ్చింది. మిగతా కాగితాలు, ఫోటోలు తీసుకుంది. 2016 వార్షిక సమావేశం ఫోటోలు కొన్ని రాలేదు. అవి పోయినట్టే. అన్నీ అయ్యాక మళ్లీ 2024 దగ్గరికి వచ్చింది. ఇలాంటి పనికే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. చదవలేని చోట అది మొండిగా ఆగిపోదు. దాటి ముందుకు పోతుంది. చదవగలిగినదంతా ముందు తెచ్చుకుంటుంది. తరవాత వెనక్కి వచ్చి వదిలేసిన ముక్కల్ని మళ్లీ మళ్లీ చదువుతుంది. కూరలో రాళ్లు ఏరినట్టు కాదు, రాళ్లలో బియ్యం ఏరినట్టు. ఎక్కడిదాకా వచ్చిందో చిట్టా కూడా రాసుకుంటుంది.

చిట్టా ఎందుకంటారా? రాత్రి రెండింటికి కరెంటు పోయింది. కరెంటు వచ్చాక మొదటి నుంచీ మొదలుపెట్టకుండా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది. ఆ ఒక్క ఫైలుకు అటూ ఇటూగా నాలుగు గంటలు పట్టింది. గదిలో చాప వేసుకుని లీడరు, గేదె అప్పు ఆమె పడుకున్నారు. ఇద్దరికీ నిద్ర లేదు, మాటలూ లేవు. తెల్లవారుజామున ఆ పిల్ల "వచ్చింది" అంది.

వెంటనే ఇంకో పెన్ డ్రైవులోకి కూడా ఎక్కించారు. ఒకటి సమాఖ్యలో, ఒకటి లీడరు ఇంట్లో బియ్యం డబ్బా పక్కన స్టీలు పెట్టెలో. ఒకే చోట రెండూ పెడితే ఒకే వాన రెండింటినీ తడుపుతుంది కదా!

ఇంక కొత్త డిస్కు కొనాలి. ఎంత పెద్దది కొనాలి? డిస్కు చోటును జీబీల్లో కొలుస్తారు. ఒక జీబీ అంటే సుమారు నూరు కోట్ల ఇంగ్లీషు అక్షరాల చోటు. తెలుగు అక్షరానికి గుణింతం, ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువ చోటు పడుతుంది. పాత డిస్కు 500 జీబీలది. అందులో నిండింది 90 జీబీలు కూడా లేదు. తొమ్మిది బస్తాల వడ్లకు యాభై బస్తాల గాదె ఎందుకు? 256 జీబీలది కొన్నారు. ధరలు ఒక్కో నెల ఒక్కో తీరుగా ఉంటాయి. వీళ్లు మూడు దుకాణాలు అడిగారు. కొత్త కంప్యూటర్‌కు చెప్పిన ధరలో పదో వంతు కూడా కాలేదు.

కొనే ముందు డబ్బా విప్పి తీగ చూసుకున్నారు. ఇది ముఖ్యం. డిస్కుకు వచ్చే తీగ వేలెడు వెడల్పు ఉంటే కొత్త డిస్కు సరిపోతుంది. దాన్ని సాటా తీగ అంటారు. చాలా పాత కంప్యూటర్లలో అరచెయ్యంత వెడల్పు పట్టీ తీగ ఉంటుంది. అలాంటి వాటికి ఈ డిస్కు నేరుగా అతకదు. దాని మీద డబ్బు పెట్టడం దండగ.

డిస్కు పెట్టే రోజు పది మంది వచ్చారు. చూడాలని. ఆ పిల్ల తను చెయ్యలేదు. "నేను చెబుతాను, యానిమేటరక్క చేస్తుంది" అంది. ఇది మంచి పని. రేపు ఆ పిల్ల ఉద్యోగానికి హైదరాబాద్ పోతే?

ముందు ప్లగ్గు పీకేశారు. ఆ తరవాత మీట ఒకసారి నొక్కారు. లోపల మిగిలిన కాస్త కరెంటు కూడా పోవడానికి. యానిమేటరు ఆ రోజు నైలాన్ చీర కట్టుకొచ్చింది. "చీర మార్చుకోక్కా" అంది ఆ పిల్ల. అందరూ వింతగా చూశారు. నైలాన్ బట్ట రాపిడికి ఒంట్లో కాస్త విద్యుత్తు పోగవుతుంది. చలికాలం దుప్పటి లాగితే చిటపటమంటుందే, అదే. మనిషికి అది చురుక్కుమంటుంది, అంతే. కంప్యూటర్ చిప్పులకు అదే పిడుగు. యానిమేటరు పోయి నూలు చీర కట్టుకొచ్చింది. అయినా పని మొదలుపెట్టే ముందు డబ్బా ఇనప చట్రాన్ని చేత్తో ముట్టుకుంది. అలా ముట్టుకుంటే ఒంట్లోది దిగిపోతుంది.

పక్క మూత రెండు మరలు విప్పింది. లోపల చూస్తే ఏముంది? దుమ్ము. సాలెగూడు. ఒక మూల బల్లి గుడ్లు! పెయింటు బ్రష్షుతో మెల్లిగా దులిపారు. తడిగుడ్డ పెట్టలేదు.

తీగలు పీకే ముందు సెల్‌ఫోన్‌తో ఫోటో తీశారు. ఏది ఎక్కడ ఉందో తరవాత తెలియాలి కదా. డిస్కుకు రెండు తీగలు ఉన్నాయి. వెడల్పుది కరెంటు తెస్తుంది. సన్నది రాతలు తెస్తుంది, తీసుకుపోతుంది. రెండింటి మూతీ ఒక పక్కకు వంకర తిరిగి ఉంటుంది. కాబట్టి ఒక్క వైపే పడుతుంది. పట్టకపోతే తిప్పి చూడాలి. బలం చెయ్యకూడదు. విప్పిన మరలు సాసరులో వేశారు. వెయ్యకపోతే ఒకటైనా మంచం కిందికి పోతుంది!

కొత్త డిస్కు చూసి అందరూ ఆశ్చర్యపోయారు. పాతది ఇటుక రాయిలా బరువు. ఇది అట్ట ముక్కలా తేలిక. పాత దాని చోటులో ఇది వదులైపోతుంది. అందుకని ఒక ఇనప పట్టీ కూడా కొన్నారు. పట్టీకి డిస్కు బిగించి, పట్టీని చట్రానికి బిగించారు. తీగలు పెట్టారు. మీట నొక్కారు.

నల్లటి తెర. తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. డిస్కు లేదు అంటోంది.

"అయ్యో, పాడుచేశాం" అంది యానిమేటరు. చేతులు వణికాయి.

పాడు కాలేదు. సన్న తీగ పూర్తిగా దిగలేదు. మళ్లీ ప్లగ్గు పీకి, తీగ టక్కుమనేదాకా నొక్కారు. ఈసారి డిస్కు పేరు తెర మీద కనిపించింది. ఇలాంటి పనుల్లో సగం కష్టాలు సరిగ్గా దిగని తీగలవే.

తరవాత ఏ వ్యవస్థ పెట్టాలి అనే మాట వచ్చింది. పాత కంప్యూటర్‌లో విండోస్ 10 ఉండేది. దానికి కంపెనీ ఉచితంగా ఇచ్చే రక్షణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11ను 2012 నాటి కంప్యూటర్‌కు కంపెనీ ఒప్పుకోదు. షాపుల్లో కొందరు దొంగ కాపీ ఎక్కించి ఇస్తారు. ఇంటికి దొంగ తాళం కొనుక్కున్నట్టే అది. దాని రెండో చెవి ఎవరి దగ్గరుందో తెలియదు. సంఘం లెక్కలున్న కంప్యూటర్‌కు అది పనికిరాదు. ఇక్కడ కావాల్సింది లెక్కల పట్టికలు, నాలుగు ఉత్తరాలు. అందుకని లినక్సే పెట్టారు. అరగంటలో అయిపోయింది. రాము కూడా 2 జీబీలు ఉంటే 4 జీబీలు చేశారు. పలక కాస్త పెద్దదైంది.

మీట నొక్కితే పనికి సిద్ధం కావడానికి అర నిమిషం పట్టింది. "ఇంక టీ ఎప్పుడు తాగాలి?" అంది యానిమేటరు.

లెక్కలు తెరిచారు. తెరిస్తే పేర్లు లేవు! పేర్ల చోట ఏవో గీతలు, చుక్కలు, ఇంగ్లీషు ముక్కలు. అంకెలు మాత్రం బాగున్నాయి. అందరి గుండె జారింది. పిల్ల కాసేపు చూసి నవ్వింది. మొదట్లో లెక్కలు ఎక్కించినాయన పాత రకం తెలుగు అక్షరాలతో టైపు చేశాడు. ఆ రకంలో కంప్యూటర్ దాచేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు బొమ్మ తొడుగుతుంది, అంతే. ఆ తొడుగు లేకపోతే చదవలేం. ఆ తొడుగును ఫాంటు అంటారు. పాత డిస్కు నుంచి తెచ్చిన వాటిలో ఫాంటు ఫైలు ఉంది. దాన్ని కొత్తదాంట్లో పెట్టింది. గీతలన్నీ ఒక్కసారిగా పేర్లయిపోయాయి. గదిలో ఉన్నవాళ్లు తెర దగ్గరికి జరిగి ఎవరి పేరు వాళ్లు చదువుకోవడం మొదలుపెట్టారు.

ఈ గొడవలో షాపతను మళ్లీ వచ్చాడు. "ఆ పాత డిస్కు ఇవ్వండి, 200 ఇస్తా" అన్నాడు. పెద్దామె చెయ్యి చాచబోయింది. పిల్ల అడ్డుపడింది. అందులో 31 సంఘాల వాళ్ల పేర్లు ఉన్నాయి. బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. ఆధార్ నంబర్లు ఉన్నాయి. "చెరిపేసి ఇస్తే సరి" అన్నాడతను. చెరిపితే పోవు. కంప్యూటర్‌లో చెరపడం అంటే పుస్తకంలో విషయసూచిక చింపడం. పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్త రాత పడే దాకా తెలిసినవాడు తీసి చదువుకోవచ్చు. అతను మంచివాడే కావచ్చు. అతని చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో? అందుకని దానికి తేదీ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆరు నెలలు చూసి, అన్నీ బాగున్నాయనుకుంటే దాన్ని డ్రిల్లుతో తూట్లు పొడిచి ఇ-వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు ఇవ్వాలని రాసుకున్నారు. ఇలాంటి సామానును చెత్తకుప్పలో వెయ్యకూడదు, కాల్చకూడదు. దీనికి 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు కూడా అమలులోకి వచ్చాయి.

ఒక హెచ్చరిక. కొత్త డిస్కుకు చావు లేదని అనుకోకండి. పాతది టిక్ టిక్ అని చెప్పి మరీ పోయేది. ఇది చాలాసార్లు చప్పుడు చెయ్యకుండానే పోతుంది. అందుకే నెలకోసారి, సమావేశం రోజు, లెక్కలు రెండు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించాలని సమాఖ్య తీర్మానం రాసింది.

ఇంక ఆమె సంగతి.

లీడరు ఆమెను పిలిచింది. అందరి ముందే 2024 లెక్క తెరిచారు. ఆగస్టు చూశారు. ఉంది. 1,500. సెప్టెంబరు చూశారు. ఉంది. 1,500. అక్టోబరు చూశారు. లేదు.

మళ్లీ చూశారు. లేదు. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

"రెండు ఉన్నాయి గదా వదినా. ఇంకొకటి నువ్వే మరిచిపోయి ఉంటావు" అంది లీడరు మెల్లిగా. ఆమెను బాధపెట్టడం లీడరుకూ ఇష్టం లేదు.

"కాగితం మీద తీసివ్వండి" అంది ఆమె.

ఆ సంవత్సరం లెక్క మొత్తం కాగితాల మీద తీసి ఇచ్చారు. తొమ్మిది కాగితాలు. ఆమె కింద కూర్చుంది. అక్టోబరు దగ్గర మొదలుపెట్టలేదు. మొదటి కాగితం మొదటి వరస మీద వేలు పెట్టింది. కూడబలుక్కుంటూ చదివింది. తేదీ చదివింది. పేరు చదివింది. అంకె చదివింది. వేలు కదల్లేదు.

"అమ్మాయ్, ఇటు రా. ఇదేమిటి? 2011 జనవరి 1 అని ఉంది. నా పేరుంది. గేదె అప్పు వాయిదా 1,500 అని ఉంది. 2011లో ఈ కంప్యూటరే లేదు. నేను సంఘంలో చేరిందే 2016లో. మరి నా పేరు మీద ఈ డబ్బు ఎవరు కట్టారు?"

పిల్ల వంగి చూసింది. ఒక్క క్షణం ఆగి యానిమేటరు వైపు తిరిగింది. "అక్కా, ఆ నెల ఒక రోజు తేదీ సరిచెయ్యడం మరిచిపోయావా?"

యానిమేటరు నోటి మీద చెయ్యి వేసుకుంది.

కంప్యూటర్ లోపల రూపాయి బిళ్ల లాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. ప్లగ్గు తీసేసినా గడియారం నడిచేది దానితోనే. అది అయిపోతే కంప్యూటర్ లేచిన ప్రతిసారీ తను పుట్టిన నాటి తేదీ చెబుతుంది. లెక్కల పట్టికలో తేదీ దానంతటదే పడేలా పెట్టారు. వరసలు తేదీ ప్రకారం సర్దుకునేలా కూడా పెట్టారు. అక్టోబరులో కట్టిన డబ్బు 2011 తేదీతో అందరికన్నా పైకి పోయి కూర్చుంది. అక్టోబరులో వెతికితే ఎలా దొరుకుతుంది?

ఆ రోజు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో చూశారు. ఆమె కింద మరో నాలుగు పేర్లు అదే తేదీతో ఉన్నాయి. అందులో ఒకటి లీడరు తోడికోడలిది.

లీడరు లేచి ఆమె పక్కన కింద కూర్చుంది. తీర్మానం పుస్తకం తెప్పించింది. ఐదు పేర్లూ, సరైన నెలా యానిమేటరు రాసింది. ఆమె సంతకం పెట్టింది. పెట్టాక పుస్తకం లీడరుకు ఇవ్వలేదు. రాసింది తనే ఒకసారి పైకి చదివి, అప్పుడు ఇచ్చింది.

పెద్దామె కొంగు ముడి విప్పి ఒక యాభై నోటు తీసింది. "ఆ బిళ్లేదో తెచ్చి పెట్టండే ముందు" అంది.